విశాఖ తీరాన ఓ హుషారు కారు

సినిమాలో హీరో కారు మట్టిరోడ్డు మీద మలుపు తిరిగినా టైర్లు 'కీచు'మంటాయి. ఆ చప్పుడు తర్వాత థియేటర్లో కలిపిందని మన పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. సినిమాల గురించి రాసి పొట్టపోసుకునేవాణ్ణి, నాకూ తెలుసు. అయినా సరే, సొంతానికో హుషారైన కారు కొన్న రోజున నా చెవులు ఆ కీచు చప్పుడు కోసమే వెతుక్కున్నాయి!

కొన్నది సెకండ్ హ్యాండ్ బండి. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 2013లో మన దేశంలో దిగింది. 2022లో ఇక్కడ పోలో తయారీయే ఆగిపోయింది. చూడ్డానికి మామూలు బుల్లికారు. లోపల 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 పీఎస్ బలం, ఏడు గేర్ల ఆటోమేటిక్. ఆ రోజుల్లో అదే సైజు పెట్రోలు కార్లు చాలావాటికి 85 పీఎస్ ఉంటే గొప్ప. అంటే ఇది హీరో స్నేహితుడి వేషంలో ఉన్న హీరో అన్నమాట!

బండి కొనగా నా చేతిలో మిగిలింది 60 వేల రూపాయలు. ఫ్రీలాన్సు విలేకరికి అది మామూలు మొత్తం కాదు. మూడు సీరియల్ ఇంటర్వ్యూలు, ఒక తారామణి జీవితకథ, ఎన్నో రాత్రుల కాఫీ కలిస్తే అంత! దాంతో బండికి ముందుగా ఏ ముస్తాబు చేయించాలి? ఇదీ సమస్య.

కుర్రాళ్ళ సలహాలకు కొదవలేదు. ఇంజనును నడిపే కంప్యూటర్లో లెక్కలు మార్పించి, టర్బో ఒత్తిడి పెంచి, బలం లాగమన్నాడొకడు. దాన్నే 'రీమ్యాప్' అంటారు. సైలెన్సరు మార్చమన్నాడు ఇంకొకడు. స్ప్రింగులు కుదించి బండిని నేలకు దించమన్నాడు మరొకడు. పెద్ద చక్రాలు, నీలం లైట్లు, నల్ల అద్దాలు... అసలు 2001లో 'ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్' వచ్చినప్పటి నుంచీ ఈ జాబితా మన కుర్రాళ్ళ నోట్లో సుప్రభాతంలా ఆడుతోంది.

ఎవరి మాట వినాలో తేలక, మా ఊరినే అడుగుదామనుకున్నాను. విశాఖపట్నం లాంటి ఊరు ఇంకెక్కడుంది చెప్పండి? ఓ పక్క సముద్రం, ఓ పక్క కొండ, మధ్యలో ఓడరేవు, ఆ చివర ఉక్కు కర్మాగారం. కారుకి పరీక్ష పెట్టడానికి ఇంతకంటే మంచి సెట్టింగు ఏ ఆర్ట్ డైరెక్టరూ వెయ్యలేడు.

బీచ్ రోడ్డులో ఎంట్రీ

మొదటి సాయంత్రం ఆర్.కె. బీచ్. ఒడ్డున కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడు మ్యూజియం అయింది. రోడ్డుకి అవతలి పక్క టీయూ-142 విమానం. నాలుగు ఇంజన్ల మహాకాయం. అవి రెండూ నోరు మూసుకుని కూర్చుంటే, వాటి మధ్య నుంచి ఓ కుర్రాడి మోటారు సైకిలు చెవులు బద్దలయ్యేలా అరుచుకుంటూ వెళ్ళింది. ఐస్‌క్రీం తింటున్న ఓ పాప బెదిరిపోయి కోను కింద పడేసుకుంది. ఆ కుర్రాడు మాత్రం జనమంతా తననే చూస్తున్నారని మురిసిపోయాడు. నిజమే, చూశారు... ఆ చూపుల్లో అభిమానం మాత్రం లేదు!

నా జాబితాలోంచి సైలెన్సరు అక్కడే కొట్టేశాను.

మర్నాడు పొద్దున్నే భీమిలి దారి పట్టాను. దాదాపు 30 కిలోమీటర్లు, ఎడమ వైపు కొండలు, కుడి వైపు సముద్రం. 1978లో బాలచందర్ గారి 'మరోచరిత్ర' వచ్చాక ఈ తీరం తెలుగు ప్రేక్షకుడి సొంత ఊరైపోయింది. కమల్‌హాసన్, సరిత నడిచిన చోట్లు చూడాలని అప్పట్లో కాలేజీ పిల్లలు బస్సులెక్కి వచ్చేవారని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

రుషికొండ దాటాక కాలు కాస్త నొక్కాను. అంతే! వెనక నుంచి ఎవరో తోసినట్టు బండి దూకింది. స్పీడోమీటరు 80 ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఒళ్ళు పులకరించింది. సరిగ్గా అప్పుడే ఓ ఆవు తాపీగా రోడ్డెక్కింది. ఆగాను, ఆగడానికి పట్టిన దూరం చూసి పులకరింత కాస్తా చెమటగా మారింది. లెక్క చిన్నదే. వేగం రెండింతలైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలు. ఆ లెక్క ఆవుకి తెలీదు. నాకు తెలుసుండీ ఏం లాభం?

అయినా బుద్ధి వచ్చిందా? రాలేదు. ఆ సాయంత్రమే ఓ గ్యారేజీకి వెళ్ళి, రీమ్యాప్‌కి 35 వేలు బేరమాడి, 5 వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. సోమవారం పని. మధ్యలో ఆదివారం ఉంది. "కొత్త కారులో నన్నెక్కడికీ తీసుకెళ్ళవా?" అంది అమ్మ. సరే, అరకు!

ఇంటర్వెల్ మలుపు

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాటు రోడ్డు మొదలవుతుంది. సముద్రమట్టం నుంచి బయలుదేరి 900 మీటర్ల పైకి ఎక్కాలి. టర్బో ఇంజనుకి ఎక్కుడంటే పండగ. లారీలను ఒక్క ఊపులో దాటేస్తుంటే నాలో హీరో మళ్ళీ నిద్ర లేచాడు. అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు, అరకు లోయ... అమ్మ ముఖంలో వెలుగు చూసి కారు డబ్బు మొత్తం గిట్టిందనుకున్నాను.

దిగేటప్పుడు మొదలైంది అసలు కథ.

గేరు సంగతి ఆటోమేటిక్కే చూసుకుంటుందని, మలుపు మలుపుకీ బ్రేకు మీదే కాలు వేసి దిగుతున్నాను. అనంతగిరి దాటిన కాసేపటికి ఏదో కాలిన వాసన. ఆ తర్వాతి మలుపు దగ్గర పెడలు నొక్కితే... మెత్తగా, దూదిలో కాలు పెట్టినట్టు లోపలికి వెళ్ళిపోయింది! ఎదురుగా లోయ. పక్కన అమ్మ.

గుండె నోట్లోకి రావడమంటే ఏమిటో ఆ క్షణాన తెలిసింది. గేరు లీవరు పక్కకు లాగి మూడు, రెండు, ఒకటికి దించాను. ఇంజను గోలపెట్టింది. పెడలు గబగబా రెండు మూడుసార్లు నొక్కితే కాస్త పట్టింది. కొండ వైపు ఉన్న ఖాళీ జాగాలోకి తిప్పి, హ్యాండ్‌బ్రేకు మెల్లగా లాగి ఆపాను. అమ్మ ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని, "కాసేపు కూర్చుందాం లేరా" అంది. ఆ చెయ్యి వణుకుతోంది. నాది అంతకంటే ఎక్కువ వణుకుతోందని ఆవిడకీ తెలుసు.

గంటసేపు బండిని చల్లార్చుకుని, తక్కువ గేరులో, నత్తలా దిగాం. వెళ్ళేటప్పుడు నేను దాటేసిన లారీల్లాంటివన్నీ ఇప్పుడు నన్ను దాటేశాయి.

ఆటోనగర్ గురువు

సోమవారం రీమ్యాప్‌కి వెళ్ళలేదు. గాజువాక వైపు ఆటోనగర్ దారి పట్టాను. ఆ దారే ఒక పాఠం. 1933 నుంచీ ఓడలొస్తున్న రేవు ఒక వైపు. బొగ్గు, ముడిఇనుము ధూళి, ఉక్కు చుట్టలు మోసే ట్రైలర్లు. ముందుకు వెళితే 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఉక్కు కర్మాగారం. ఉక్కు పుట్టే ఊరే ఇది, ఆ ఉక్కుని ఉప్పుగాలి తినేసే ఊరూ ఇదే! ఇక్కడ గేటుకి రంగు వెయ్యడం ఒక ఏడు మరచిపోతే మరుసటి ఏడు గేటే ఉండదు.

ఆటోనగర్లో ఓ పెద్దాయన. లారీలు, కార్లు బాగుచేస్తూ జుట్టు నెరిసిపోయింది. నా కథంతా విని, బానెట్ ఎత్తి, బ్రేకాయిలు డబ్బా మూత తీశాడు.

"ఇదేటి బాబూ, టీనీళ్ళలాగుంది? ఎప్పుడు మార్చేరు?"

"ముందాయన మార్చాడో లేదో..."

"ముందాయన సంగతి సరే. నువ్వు కొన్నాక సూసుకున్నావా?"

తల దించుకున్నాను. నా దగ్గర జవాబు లేదు.

"సముద్రం పక్కనున్న ఊరు బాబూ ఇది. గాల్లోనే నీళ్ళుంటాయి. బ్రేకాయిలు ఆ నీళ్ళు తాగేస్తాది. వేడెక్కితే లోపల మరిగి ఆవిరవుద్ది. ఆవిరి మీద ఎంత తొక్కితే ఏటి లాభం?"

ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. డాట్ 4 రకం బ్రేకాయిలు కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదు. నూటికి నాలుగు పాళ్ళు నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు.

తర్వాత టైరు పక్కన నాలుగంకెలు చూపించాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నా టైర్ల మీద '2316' అని ఉంది. అంటే 2016లో 23వ వారం! పైన గీతలు బాగానే ఉన్నాయి గదా అని నేను మురిసిపోయాను. లోపల రబ్బరు చెక్కలా బిగిసిపోయింది.

"పవరు పెంచుతానంటున్నావు. పెంచు, నాకేటి? కానీ పరిగెట్టడం నేర్పేముందు బండికి ఆగడం నేర్పించాలి గదా!"

సినిమా డైలాగు రాసేవాళ్ళెవరైనా వింటే కొనుక్కునేవారు.

మార్చిన జాబితా

కొత్త బండి కొని జేబులో డబ్బు గలగలలాడుతున్న కుర్రాళ్ళ కోసం నా వరస రాస్తున్నాను.

మొదటిది, ఉన్నది సరిచేయడం. బ్రేకాయిలు పూర్తిగా తీసి కొత్తది, ముందు చక్రాలకు మంచి బ్రేకు ప్యాడ్లు, ఇంజనాయిలు, స్పార్కు ప్లగ్గులు. 14 వేలు అయింది.

రెండోది, టైర్లు. కంపెనీ ఇచ్చిన 185/60 ఆర్ 15 సైజే, తడిరోడ్డు మీద పట్టు బాగా ఉండే రకం. నాలుగూ, అలైన్‌మెంటూ కలిపి 28 వేలు. మీ కారు రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత మేర మాత్రమే. ఎంత బలమైన ఇంజనైనా ఆ నాలుగు అరచేతుల ద్వారానే మాట్లాడాలి.

మూడోది, అడుగున తుప్పు పట్టకుండా పూత. 6 వేలు. బీచ్ రోడ్డు షికారుకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ కింద మంచినీళ్ళతో కడగడం అలవాటు చేసుకున్నాను. దానికి ఖర్చు లేదు.

నాలుగోది, డ్రైవరుకి మరమ్మతు! ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల సూత్రం నేర్చుకున్నాను. ఇది పూర్తిగా ఉచితం.

ఇక రీమ్యాప్ సంగతి. అది పాపమేమీ కాదు. కానీ కంపెనీ వారంటీ ఉన్న బండికి వారంటీ చిక్కుల్లో పడుతుంది. బీమా వాళ్ళకు చెప్పకపోతే రేపు క్లెయిము దగ్గర పేచీ. చట్టమూ గట్టిదే. రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5 వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నల్ల ఫిల్ములకైతే 2012లోనే సుప్రీంకోర్టు అడ్డుచెప్పింది. అందుకే ఏది మార్చినా ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగడం మేలు.

గ్యారేజీలో ఇచ్చిన అడ్వాన్సులో సగమే తిరిగొచ్చింది. మిగతా సగం గురుదక్షిణ అనుకున్నాను.

ఆఖరి రీలు

నెల తర్వాత మళ్ళీ అరకు వెళ్ళాం. అమ్మను నేను అడగలేదు. తనే అంది, "ఇంకోసారి వెళ్దామా?" అని. ఆ మాట వెనక ఎంత ధైర్యం ఉందో నాకు తెలుసు.

ఎక్కేటప్పుడు తొందరపడలేదు. దిగేటప్పుడు రెండో గేరులో, ఇంజను గొంతు వింటూ, మలుపుకి ముందే బ్రేకు వేసి, మలుపులో వదిలి... పెడలు ప్రతిసారీ రాయిలా నిలబడింది. కింద శృంగవరపుకోట కనబడుతుండగా పక్కకు తిరిగి చూశాను. ఈసారి హీరోలా ఏదో ఒక మాట అనాలని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను.

అమ్మ తల కిటికీకి ఆన్చి హాయిగా నిద్రపోతోంది.