పలక, గుమాస్తా, ఆవర్జా



మీలాగే నేనూ మన పాఠశాలలో చదువుతున్న ఒక అమ్మాయికి తండ్రిని. వెబ్‌సైట్లు తయారుచేయడం నా ఉద్యోగం. చాలా ఏళ్లు హైదరాబాదులో పనిచేశాను. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని మొదలయ్యాక మార్కాపురం వచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు. పిల్లల కంప్యూటర్ చదువు గురించి ఏదైనా రాయమని అడిగితే, ఈ మధ్య ఒక ఆదివారం మా ఇంట్లో జరిగిందే రాస్తున్నాను. మీ ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్లు ఎవరూ లేకపోయినా ఫర్వాలేదు. ఇందులో సగం మా నాయన కథ. ఆయన జీవితంలో కంప్యూటర్ ముట్టుకోలేదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ప్రాజెక్టు కోసం వాళ్ల తరగతి లైబ్రరీకి ఒక చిన్న వెబ్‌సైట్ చేసింది. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు, ఎవరి గడువు దాటింది అన్నవి అందులో కనిపిస్తాయి. పైథాన్‌లో రాసి, వివరాలు దాచడానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడింది. పేజీలకు రంగులు, బొమ్మలు బాగానే పెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా దగ్గరకొచ్చి, "నాన్నా, కంప్యూటర్ తప్పు లెక్క చెబుతోంది" అంది.

మొదటి పేజీలో గడువు దాటిన పుస్తకాలు 3 అని ఉంది. టీచరు చూసే పేజీలో 5 అని ఉంది. పుస్తకాలు అవే, పిల్లలూ వాళ్లే.

"కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా. నువ్వే దానికి రెండు లెక్కలు చెప్పి ఉంటావు" అన్నాను.

ఫైలు తెరిచి చూస్తే మొత్తం ప్రోగ్రాం ఒకే ఫైలులో నాలుగు వందల పైచిలుకు లైన్లు ఉంది. డేటాబేస్ నుంచి వివరాలు తెచ్చే వరుసలు, రోజులు లెక్కబెట్టే వరుసలు, బటన్లకు రంగులు వేసే వరుసలు అన్నీ కలగాపులగం. మొదటి పేజీ దగ్గర "14 రోజులు దాటితే" అని రాసింది. రెండో పేజీ దగ్గర అదే లెక్క మళ్లీ రాస్తూ "14 రోజులు నిండితే" అని రాసింది. సరిగ్గా 14 రోజుల కిందట ఇచ్చిన పుస్తకాలు రెండున్నాయి. తేడా అక్కడ వచ్చింది.

"ఇంతేనా! రెండో చోట సరిచేస్తే అయిపోతుందిగా" అంది.

"ఈ రోజుకు అయిపోతుంది" అన్నాను. తర్వాత వాళ్ల తాతయ్య సంగతి చెప్పాను.

మా నాయన మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా. మీలో చాలామంది చిన్నప్పుడు దిద్దిన పలక ఈ ఊరి రాయితోనే తయారై ఉంటుంది. ఇప్పుడు పిల్లల చేతుల్లోకి నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. మన రాయి ఇళ్ల నేలలకూ గోడలకూ వెళ్తోంది. అప్పట్లో మాత్రం రాయి కోసేవాళ్లు, నునుపు చేసేవాళ్లు, ఫ్రేములు బిగించేవాళ్లు వందల పలకల లెక్కన కూలీకి పనిచేసేవాళ్లు. ఆఫీసు గది గుమ్మం పక్కన ఒక పెద్ద పలక వేలాడేది. ఎవరు ఎన్ని పలకలు చేశారో, ఎంత కూలి వస్తుందో సాయంత్రానికి మా నాయన దాని మీద బలపంతో రాసేవాడు. లోపల బల్ల మీద ఎర్ర అట్ట ఆవర్జా ఉండేది. నూరు పలకలకు ఏ పనికి ఎంత రేటో దాని మొదటి పేజీలో రాసి ఉండేది. లెక్క ఎప్పుడూ ఆవర్జాలోనే వేసేవాడు. అక్కడ తేలిన అంకెను తెచ్చి పలక మీద ఎక్కించేవాడు. పలక దగ్గర నిలబడి లెక్క కట్టడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఒక శనివారం ఫ్రేములు బిగించే ఒకామె వచ్చి, "అయ్యా, ఏడు వందలు చేశాను, పలక మీద ఆరు వందలే ఉంది" అంది. మా నాయన ఆమెతో వాదించలేదు. లోపలికెళ్లి ఆవర్జా తిప్పాడు. అందులో ఏడు వందలే ఉంది. ఎక్కించేటప్పుడు పొరబడ్డాడు. అందరి ముందూ పలక తుడిచి, ఏడు వందలని రాసి, "తప్పు నాదమ్మా" అన్నాడు. ఆమె కూలి ఆమెకు ముట్టింది. ఆ రాత్రి నాకు ఒక మాట చెప్పాడు. "ఒరే, పలక మీద తప్పుంటే తుడిచి రాయొచ్చు. పుస్తకం ఒక్కటే ఉండాల. రెండు పుస్తకాలుంటే ఏది నిజమో దేవుడికి కూడా తెలియదు."

మా అమ్మాయికి నేర్పవలసింది కూడా అదే. మా వృత్తిలో దీన్ని మోడల్, వ్యూ, కంట్రోలర్ అంటాం. మూడూ కలిపి పొడి అక్షరాల్లో ఎంవీసీ.

ఆవర్జా మోడల్. డేటాబేస్‌లో ఉన్న వివరాలు, వాటికి వర్తించే నియమాలు రెండూ దాని బాధ్యత. పలక వ్యూ. మనకు తెర మీద కనిపించే పేజీ అది. ఇచ్చింది చూపించడమే దాని పని. గుమాస్తా కంట్రోలర్. మీరు ఒక బటన్ నొక్కితే ఆ అడిగింది ముందు కంట్రోలర్‌కు చేరుతుంది. కంట్రోలర్ సరైన మోడల్‌ను అడుగుతుంది. మోడల్ డేటాబేస్ నుంచి వివరాలు తీసి, నియమం ప్రకారం లెక్క తేల్చి ఇస్తుంది. కంట్రోలర్ దాన్ని వ్యూకు అందిస్తే పేజీ తయారై మీ ఫోనుకు వస్తుంది. గుమాస్తా రేటు నిర్ణయించడు, పలక లెక్క కట్టదు. ఎవరి పని వాళ్లది.

ఈ ఆలోచన పాతదే. 1979లో నార్వేకు చెందిన ట్రిగ్వే రీన్‌స్కౌగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో అతిథిగా ఉన్నప్పుడు దీన్ని రూపొందించారు. అప్పటికి వెబ్ పుట్టనే లేదు. మనిషి తన మనసులో పనిని ఎలా ఊహించుకుంటాడో కంప్యూటర్ లోపల కూడా అది అలాగే ఉండాలని ఆయన కోరిక. తర్వాత వెబ్ వచ్చింది. 2004లో రూబీ ఆన్ రెయిల్స్, 2005లో జాంగో వంటి పనిముట్లు వచ్చాక ఈ పద్ధతి వెబ్‌సైట్లు చేసేవాళ్లందరికీ అలవాటైంది. పేర్లు కొంచెం అటూ ఇటూ మారతాయి. జాంగోలో కంట్రోలర్ చేసే పనిలో ఎక్కువ భాగాన్ని వ్యూ అనే పేరుతోనే పిలుస్తారు, కనిపించే పేజీని టెంప్లేట్ అంటారు. పిల్లలు అక్కడ తికమక పడితే కంగారు పడకండి. పేరు ఏదైనా, పని ఎవరిదో చూసుకుంటే చాలు.

"మరి పేజీయే నేరుగా డేటాబేస్‌ను అడిగితే ఏం? మధ్యలో ఇంకొకరెందుకు?" అని అడిగింది మా అమ్మాయి. మంచి ప్రశ్న. కంభం చెరువు గుర్తుచేశాను. నల్లమల కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. అంత నీళ్లున్నాయి కదా అని ఎవరి పొలం దగ్గర వాళ్లు కట్టకు గండి కొట్టుకోరు. తూము దగ్గరే నీళ్లు వదలాలి. అలా ఉంటేనే ఎవరికి ఎంత వెళ్లిందో తెలుస్తుంది, కట్టా నిలుస్తుంది. ప్రతి పేజీ డేటాబేస్‌కు సొంతంగా గండి కొట్టుకుంటే, ఏ పేజీ ఏం మార్చిందో ఎవరికీ తెలియదు.

ఇక్కడిదాకా విని తను తలూపింది. తర్వాత చెప్పింది నేను ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పని విషయం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీకి ఫీజుల వెబ్‌సైట్ చేశాను. ఫీజుకు ఆఖరి తేదీ 10. అది దాటితే జరిమానా. ఆ నియమాన్ని ఫీజు కట్టే పేజీలో రాశాను. ఆఫీసువాళ్లు చూసుకునే బాకీల పేజీలో అదే నియమాన్ని మళ్లీ రాశాను. ఒక ఏడాది యాజమాన్యం ఆఖరి తేదీని 20కి పొడిగించింది. నేను ఫీజు కట్టే పేజీలో 20 చేశాను. రెండోది మరిచిపోయాను.

11 నుంచి 20 మధ్య కట్టిన పిల్లలందరూ జరిమానా లేకుండానే కట్టారు, రసీదులూ తీసుకున్నారు. బాకీల పేజీలో మాత్రం వాళ్లందరి పేర్ల ఎదుటా జరిమానా బాకీ ఉన్నట్టే చూపించింది. హాల్ టికెట్లు ఇచ్చే రోజున ఒక అబ్బాయికి టికెట్ ఆపేశారు. వాళ్ల నాన్న ఆ రోజు కూలి పోగొట్టుకుని, ఊరి నుంచి బస్సులో వచ్చి రసీదు చూపించాడు. "రసీదు సరే, కంప్యూటర్‌లో బాకీ ఉంది" అన్నారట. వరుసలో అంతమంది ముందు ఆయన బయటకెళ్లి, ఎవరి దగ్గరో అప్పు తెచ్చి కట్టాడు. సాయంత్రం కాలేజీ నుంచి నాకు ఫోన్ వచ్చింది. పది నిమిషాల్లో తప్పు దొరికింది. ఒక అంకె. 10 ఉన్నచోట 20 పెట్టాను. ఆయన డబ్బు ఆయనకు తిరిగి ఇచ్చారని తర్వాత చెప్పారు. పోయిన కూలి ఎవరూ ఇవ్వలేదు. వరుసలో పడ్డ మాట ఎవరూ తిరిగి తీసుకోలేదు.

ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ రాత్రి నాకు ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమే గుర్తొచ్చింది. ఆమె మాట నిలబడటానికి లోపల ఒకే పుస్తకం ఉంది. ఈయన మాట నిలబడకుండా చేసింది నేను రాసిన రెండు పుస్తకాలు. గుమాస్తా కొడుకునై ఉండి ఆ పని చేశాను.

మా అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అసలు 14వ రోజు లెక్కలోకి వస్తుందా రాదా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ప్రోగ్రాంలో దానికి జవాబు లేదు, టీచరు దగ్గర ఉంది. మర్నాడు అడిగి వచ్చింది. 14వ రోజు కూడా తెచ్చి ఇవ్వొచ్చట. అంటే 3 సరైన లెక్క.

వారం రోజులు రోజుకో అరగంట కూర్చున్నాం. పుస్తకాలకు ఒక పట్టిక, విద్యార్థులకు ఒక పట్టిక, ఏ నంబరు పుస్తకం ఏ నంబరు విద్యార్థికి ఏ తేదీన ఇచ్చామో ఇంకో పట్టిక పెట్టింది. మోడల్ ఫైలులో "గడువు దాటిందా" అని ఒకే ఒక ప్రశ్న రాసింది. రెండు పేజీలూ కంట్రోలర్ ద్వారా ఆ ప్రశ్ననే అడుగుతాయి. పేజీల్లో లెక్కలన్నీ తీసేసింది. రెండింటిలోనూ 3 వచ్చింది. "ఇప్పుడు సెలవులకని గడువు 21 రోజులు చెయ్" అన్నాను. ఒక్కచోట అంకె మార్చింది. రెండు పేజీలూ కలిసి మారాయి. నా వైపు చూసి నవ్వింది. మార్కులు ఎన్ని వస్తాయో తెలియదు గానీ, నాకు ఆ నవ్వు చాలు.

ప్రతి చిన్న ప్రోగ్రాంకూ ఇంత ఏర్పాటు అక్కర్లేదు. ఎక్కం చూపించే ఒక్క పేజీ చేస్తే ఒక్క ఫైలు చాలు. వివరాలు దాచుకోవలసి వచ్చినప్పుడు, ఒకే వివరం రెండు చోట్ల కనిపించవలసి వచ్చినప్పుడు దీని అవసరం మొదలవుతుంది.

మీ పిల్లలు ప్రాజెక్టు చూపించినప్పుడు, "భలే ఉంది" అన్న తర్వాత ఈ మూడు ప్రశ్నలు అడిగి చూడండి. మీకు ప్రోగ్రాం రాయడం రానక్కర్లేదు.

"ఈ వివరం అసలు ఎక్కడ దాచావు?"

"ఈ నియమం ఎన్ని చోట్ల రాశావు?"

"పేరు రాయాల్సిన గడిలో నేను ఏమీ రాయకపోయినా, పిచ్చి రాతలు రాసినా, అది పుస్తకంలోకి ఎక్కకుండా ఎవరు ఆపుతారు?"

మొదటిదానికి ఒకే చోటు చెప్పాలి. రెండోదానికి "ఒక్కచోటే" అనాలి. మూడోదానికి తడబడితే తడబడనివ్వండి, వెతుక్కుంటారు. ఈ రోజుల్లో ప్రోగ్రాం వరుసలు రాసిపెట్టే ఏఐ పనిముట్లు వచ్చాయి. వరుసలు ఎవరు రాసినా, ఏది ఎక్కడ ఉండాలో మాత్రం మన పిల్లలకు తెలియాలి. ఎందుకంటే రేపు వాళ్లు చేసే తెర ముందు కూడా ఎవరో ఒకరు రసీదు పట్టుకుని నిలబడతారు.

మా నాయన ఇప్పుడు లేడు. ఎర్ర అట్ట ఆవర్జా ఏమైందో తెలియదు. ఇంట్లో ఒక పాత పలక ఉంది, ఒక మూల కొంచెం విరిగింది. మా అమ్మాయి దాన్ని తన బల్ల మీద పెట్టుకుని, దాని మీద బలపంతో "పుస్తకం ఒక్కటే" అని రాసుకుంది. నేను తుడవలేదు.