ఆయన మెడలో తాళంచెవి

"అల్లుడుగారు లాడ్జి పెట్టారా? ఎన్ని రూములే?" అని మా అమ్మ ఫోన్‌లో అడిగింది. మా వారు మేసానిక్ లాడ్జికి ట్రెజరర్‌గా ఎన్నికయ్యారని చెబితే వచ్చిన ప్రశ్న అది. మనకి లాడ్జి అంటే బస్టాండ్ పక్కన ఉండేదే కదా!

ఇది ఫ్రీమేసన్ల సంఘం. 1717లో లండన్‌లో మొదటి గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జి 1961లో వచ్చింది. హైదరాబాద్‌లో తానీషా కాలం నాటి గోషామహల్ బారాదరి 1872 నుంచీ వీళ్ళ చేతుల్లో ఉంది. మా వారి లాడ్జి కూడా అక్కడే.

కొత్త కార్యవర్గానికి బాధ్యతలు అప్పగించే రోజున భార్యల్ని కూడా భోజనానికి పిలిచారు. కానీ అసలు కార్యక్రమం జరిగేటప్పుడు మాకు ప్రవేశం లేదు. తలుపు బయట కత్తి పట్టుకుని ఒకాయన కాపలా. ఆయన్ని టైలర్ అంటారట. బట్టలు కుట్టే టైలర్ కాదులెండి! పేరులోనే గోషా ఉన్న చోట, గోషా మాకో వాళ్ళకో అని ఆడవాళ్ళందరం ఒకటే నవ్వులు.

తలుపులు తీశాక ఫొటోలకి లోపలికి పిలిచారు. నలుపు తెలుపు గళ్ళ నేల. మగవాళ్ళందరికీ నడుముకి ఏప్రన్లు. ఇంట్లో కట్టుకోమంటే మాత్రం ఒక్కరూ కట్టుకోరు! పూర్వం రాతిపని మేస్త్రీలు కట్టుకునేవాళ్ళు కాబట్టి ఆ ఆనవాయితీ. పదవుల గుర్తులు కూడా మేస్త్రీల పనిముట్లే. అధ్యక్షుడి పట్టీకి మూలమట్టం, ఆయన తర్వాతి ఇద్దరికీ రసమట్టం, తూకం గుండు. సెక్రటరీకి రెండు కలాలు. ట్రెజరర్‌కి తాళంచెవి.

మా వారి మెడలో ఆ తాళంచెవి చూడగానే నాకు మా పెద్ద వదిన గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం అన్నయ్యగారు నిద్రలోనే పోయారు. పదకొండో రోజు కాకముందే బీరువాలో ఒక లాకర్ తాళంచెవి దొరికింది. అది ఏ బ్యాంకుదో వదినకి తెలీదు. ముప్పై నాలుగేళ్ళ కాపురం! "నన్ను ఏనాడూ ఒక మాట అనలేదమ్మా, కానీ ఏనాడూ ఒక మాట చెప్పలేదు కూడా" అని ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. ఆ తాళంచెవి పట్టుకుని ఎన్ని బ్యాంకుల మెట్లు ఎక్కిందో!

ఆ రాత్రి ఇంటికొచ్చాక మా వారిని కూర్చోబెట్టాను. "లోపల ఏం చేశారో నేనడగను. అది మీరు ఇచ్చిన మాట. లాడ్జి డబ్బుకి ఏటా పైసాతో సహా లెక్క చెప్తారుగా, మరి మన ఇంటి లెక్క నాకెప్పుడు చెప్తారు?" అన్నాను. "నీకెందుకే ఆ తలనొప్పి, నేనున్నానుగా" అన్నారు. "మీరున్నప్పుడే చెప్పాలి" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్ళి ఫైళ్ళు తెచ్చారు.

నాలుగు ఆదివారాలు పట్టింది. ఖాతాలు, డిపాజిట్లు, పాలసీలు, ఇంటి కాగితాలు అన్నీ పాత డైరీలో నా చేత్తోనే రాసుకున్నాను. పెళ్ళికి ముందు తీసిన ఒక పాలసీకి ఇప్పటికీ మా అత్తగారే నామినీ. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది! అది మార్పించాం. బ్యాంకు నామినీ డబ్బు అందుకోవడానికే కానీ, ఆస్తి ఎవరికి చెందాలో వీలునామా చెప్పాలని కూడా తెలిసింది. ఇక ఆ పని మిగిలింది.

మగవాళ్ళకి వాళ్ళ రహస్యాలు ఉండనివ్వండి. స్నేహితులతో సరదాగా, నలుగురికీ సాయపడుతూ ఉంటే మంచిదే. ఇంటి లెక్కలు మాత్రం రహస్యం కాకూడదు. అడిగితే అనుమానిస్తున్నామనుకుంటారని చాలామంది ఊరుకుంటారు. అనుమానంతో కాదు, రేపు మన పిల్లల ముందు చేతులు కట్టుకుని నిలబడకుండా ఉండడానికి. ఈ ఆదివారం టిఫిన్ అయ్యాక మీ ఇంట్లోనూ ఒకసారి అడగండి.