దుర్మతి నామ సంవత్సరంలో చీరాల

మునిసిపాలిటీ మాకొద్దంటూ 1921లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసి గుడిసెల్లోకి మారిన జంట గ్రామాల్లో ఇప్పుడు మునిసిపాలిటీ లేని రోజును ఊహించడమే కష్టం

విజయవాడ నుంచి గూడూరు వైపు వెళ్లే బండి చీరాలలో ఆగిందంటే ఖాళీ సంచులతో దిగేవాళ్లే ఎక్కువ. తిరుగు బండిలో అవే సంచులు ఉబ్బిపోయి కనిపిస్తాయి. పెళ్లి బట్టలకైనా, పల్లెల్లో తిరిగి అమ్ముకునే చీరల మూటలకైనా చుట్టుపక్కల జిల్లాలవాళ్లు ఇక్కడికే వస్తారు. చీరాలకు 'చిన్న బొంబాయి' అన్న పేరు ఊరికే రాలేదు. స్టేషన్ దాటి బయటికొస్తే బట్టల దుకాణాల వరుస మొదలవుతుంది. ఆ వరుస వెంట నడుస్తూ పోతే ఎక్కడో ఒకచోట చీరాల అయిపోయి పేరాల వచ్చేస్తుంది. ఎక్కడన్నది పాత కాపురస్తులకే తెలియాలి. ఇల్లూ వాకిలీ అన్నట్టుగా చీరాల-పేరాల అనడమే తెలుగువాళ్లకు అలవాటు.

ఆ జంట పేరు ఒకప్పుడు దేశమంతా మోగింది. అదీ బట్టల వల్ల కాదు, పన్ను వల్ల.

ఇప్పుడిది బాపట్ల జిల్లా. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ప్రకాశం, 1970కి ముందు గుంటూరు. మద్రాసు రాష్ట్రం రోజుల్లో చీరాల, పేరాలలకు ఒక యూనియన్ ఉండేది. ఇప్పటి పంచాయతీకి కాస్త పెద్దన్న అనుకోవచ్చు. దానికింద ఊరివాళ్లు కట్టే పన్ను ఏడాదికి నాలుగు వేల రూపాయలు. 1919లో మద్రాసు సర్కారు దీన్ని మునిసిపాలిటీగా మార్చాలని నిర్ణయించింది. 1920 వచ్చేసరికి మునిసిపాలిటీ అమల్లోకి వచ్చింది. దానితోపాటే పన్ను కూడా నలభై వేలకు చేరింది.

అప్పటి జనాభా పదిహేను వేలు. లెక్క చూస్తే తలకు నాలుగణాల చిల్లర నుంచి రెండు రూపాయల పది అణాల పైకి ఎగబాకినట్టు. అయిదుగురున్న ఇంటికి ఏడాదికి పదమూడు రూపాయలు దాటుతుంది. జనంలో ఎక్కువమంది నేతగాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, కూలీలు, చిన్న రైతులు. రోజూ మగ్గం ఆడితే తప్ప పొయ్యి వెలగని ఇళ్లలో పదమూడు రూపాయలంటే చిన్న మొత్తం కాదు. మునిసిపాలిటీ వస్తే దీపాలు, మురుగు కాలవలు, శుభ్రత వస్తాయన్నది సర్కారు వైపు మాట. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే చీరాలది సముద్రపు ఒడ్డు ఇసుక నేల. వాన నీరు నిలవదు, కాస్త తవ్వితే మంచినీళ్లు పడతాయి. అడగని సౌకర్యానికి పదింతల బిల్లు ఎందుకన్న ప్రశ్నకు సూటి జవాబు ఎవరి దగ్గరా లేకపోయింది.

అర్జీలు వెళ్లాయి, పనికి రాలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే సర్కారు జీతం ఇచ్చి చైర్మన్‌ను పెట్టుకుంది. జనం పన్ను కట్టడం మానేశారు. కేసులు పడ్డాయి, జైలుశిక్షలు పడ్డాయి. శిక్షపడిన పన్నెండు మందిలో రావూరి అలివేలు మంగతాయారమ్మ ఒకరు. రాజకీయ కారణాలతో జైలుకు వెళ్లిన తొలి మహిళల్లో ఆమెను లెక్కిస్తారు. పాఠ్యపుస్తకాల్లో ఆమెకు దక్కిన చోటు మాత్రం ఒక వాక్యానికి మించదు.

ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. 1919 సంస్కరణల తర్వాత స్థానిక స్వపరిపాలన శాఖ తెల్లవాళ్ల చేతిలో లేదు. ద్వంద్వ ప్రభుత్వంలో మంత్రులకు బదలాయించిన శాఖల్లో అదీ ఒకటి. 1920 డిసెంబర్ నుంచి మద్రాసులో ఆ శాఖ చూసింది పానగల్లు రాజా, అంటే పానగంటి రామరాయణింగారు. అచ్చ తెలుగువాడు, జస్టిస్ పార్టీ నాయకుడు. 1921 జూలైలో ఆయనే ప్రధానమంత్రి కూడా అయ్యారు. అంటే చీరాల జనం పేచీ పెట్టుకున్నది పేరుకు బ్రిటిష్ సర్కారుతోనైనా, ఎదురుగా ఉన్నది స్వపరిపాలన పేరు తగిలించుకున్న శాఖ, దాని తలమీద తెలుగు మంత్రి. ఊరికి ఏ పాలన కావాలో ఊరిని అడగకుండా ఇచ్చే స్వపరిపాలన ఏమిటో మద్రాసులో ఎవరికీ తోచినట్టు లేదు.

ఊరి తరఫున నిలబడింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివారు. ఆనంద కుమారస్వామితో కలిసి 'అభినయ దర్పణం'ను ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. ఆ పుస్తకం 1917లో వెలువడింది. నాట్యశాస్త్రం, తోలుబొమ్మలు, గ్రంథాలయాలు అంటూ తిరిగే మనిషి పన్ను పోరాటానికి నాయకుడు కావడం వింతే. తీరా చూస్తే అదే పనికొచ్చింది. ఆయన పోరాటాన్ని కూడా ఆటలా, పాటలా నడిపించారు. రామదండు పేరుతో వాలంటీర్లను తయారు చేశారు. వాళ్లకు కాషాయ బట్టలు, నుదుట బొట్టు, నోట రామనామం. 1921 మార్చి చివర విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశానికి గాంధీని చూడాలని జనం విరగబడితే అదుపు చేసింది ఈ దండే. జనం ఆయనను 'ఆంధ్రరత్న' అన్నారు. విజయవాడలో కాంగ్రెస్ ఆఫీసుకు ఆంధ్రరత్న భవన్ అన్న పేరు ఆయనదే. ఆ గేటు ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఆ రత్నం ఎవరో తెలిసినవాళ్లు ఎందరన్నది వేరే సంగతి.

విజయవాడ సమావేశం అయిన కొద్ది రోజులకే, ఏప్రిల్ మొదటి వారంలో, గాంధీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు. అహింస తప్పకుండా పన్ను నిరాకరిస్తూ వచ్చిన కష్టమల్లా భరించడం ఒకటి. మునిసిపల్ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. హద్దు లోపల మనిషే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? అయితే ఏది చేసినా సొంత బలం మీదే చేయాలని, కాంగ్రెస్ నుంచి డబ్బు ఆశించవద్దని కూడా ఆయన స్పష్టం చేశారు. ఊరు రెండో దారి పట్టింది. డబ్బు మాట అప్పట్లో ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు.

ఆ వారమే ఉగాది. వచ్చింది దుర్మతి నామ సంవత్సరం. పంచాంగం పేరు చూసి భయపడేవాళ్లయితే అక్కడే ఆగేవాళ్లు.

ఏప్రిల్ నెలాఖరుకు ఊరు కదిలింది. పదిహేను వేల మందిలో పదమూడు వేల పైచిలుకు మంది మునిసిపల్ హద్దు బయట వెదురు బొంగులు, తాటాకులతో గుడిసెలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరి పేరు రామనగర్. రామదండు ఉన్నచోట ఇంకే పేరు పెడతారు? నడిచి వెళ్లేంత దూరంలోనే సొంత ఇళ్లు తాళాలతో ఉన్నాయి. అసలు కష్టం అదే కావచ్చు. దూరదేశం వలసపోయినవాడికి ఇల్లు గుర్తొస్తే దిగులు పడి ఊరుకుంటాడు. ఇక్కడ తల తిప్పితే పెంకుటిల్లు కనిపిస్తుంది, కూర్చున్నది తాటాకు కింద, తలమీద రోహిణీ కార్తె ఎండ.

నేతగాళ్ల సంగతి మరీ ప్రత్యేకం. చీరాల చుట్టూ ఇప్పటికీ కనిపించే గుంట మగ్గాన్ని చూస్తే అది అర్థమవుతుంది. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు దించి కూర్చుని నేస్తారు. చట్రం విప్పి నెత్తిన పెట్టుకోవచ్చు, గుంటను మోసుకుపోలేరు. కొత్తచోట నేయాలంటే మళ్లీ తవ్వుకోవాలి, అదీ పక్కలు జారిపోయే ఇసుకలో. పడుగు సాగదీయడానికి వీధంత జాగా కావాలి. వాన పడితే నూలు తడవకూడదు. ఇంటికి తాళం వేయడం వ్యాపారికి ఒక లెక్క, నేతగాడికి ఇంకో లెక్క. నేతగాడికి ఇల్లే కార్ఖానా. ఇంత తెలిసీ వాళ్లు బయలుదేరారంటే పన్ను భారం ఒక్కటే కారణమై ఉండదు. పక్కింటివాడు వెళ్తుంటే ఆగిపోవడం చిన్నతనం అనిపించి వెళ్లినవాళ్లూ ఉండే ఉంటారు. ఉండిపోయిన రెండు వేల మంది గురించి చరిత్ర పెద్దగా పట్టించుకోలేదు.

రామనగర్‌లో పాలన ఊరివాళ్లదే. కులాలవారీగా ప్రతినిధులను ఎంచుకున్నారు. తగవులు తీర్చడానికి పంచాయతీ పెట్టుకున్నారు. కులం లెక్కన కూర్చున్న సభ ఇవాళ్టి కంటికి ఇబ్బందిగానే ఉంటుంది. కానీ అప్పటి మునిసిపాలిటీలో ఓటుండేది పన్ను కట్టే కొద్దిమందికే. ఆ మాటకొస్తే తాటాకుల ఊళ్లోనే ప్రాతినిధ్యం ఎక్కువమందికి దక్కింది. పద్యాలు, భజనలు, సభలతో గోపాలకృష్ణయ్య రోజులు నడిపించారు. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పేరుతో చదువునూ కళనూ కలిపి ఆయన పెట్టిన సంస్థా చీరాలదే. ఖాళీ పడిన ఊళ్లో మునిసిపాలిటీ ఉంది, వసూలు చేయడానికి మనుషులు లేరు. హద్దు బయట మనుషులున్నారు, మునిసిపాలిటీ లేదు. గాంధీ 'యంగ్ ఇండియా'లో ఈ ఊరి గురించి రాశారు.

వానలొచ్చాయి. డబ్బు అయిపోతూ వచ్చింది. చందాల కోసం గోపాలకృష్ణయ్య ఊరు విడిచి తిరగాల్సి వచ్చింది. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న గంజాం జిల్లా బరంపురంలో ఆంధ్ర మహాసభకు వెళ్తే మాట్లాడకూడదని ఉత్తర్వు ఇచ్చారు. ఆయన మాట్లాడారు. ఏడాది శిక్ష వేసి తిరుచ్చి జైలుకు పంపారు. రామనగర్‌కు మిగిలింది నాయకుడు లేని శీతాకాలం. అదే గుంటూరు జిల్లాలో కొన్ని మైళ్ల అవతల పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి వెనుక భూమి శిస్తు ఎగ్గొట్టి సర్కారును హడలగొడుతున్న రోజులవి. పత్రికల చూపు అటు మళ్లింది.

1922 ఫిబ్రవరి 4న ఎక్కడో గోరఖ్‌పూర్ దగ్గర చౌరీచౌరాలో పోలీస్ స్టేషన్ తగలబడింది. కొద్ది రోజులకే గాంధీ సహాయ నిరాకరణను నిలిపేశారు. చౌరీచౌరా పేరు కూడా విని ఉండని చీరాల నేతగాడికి దాని బిల్లు ఇలా వచ్చింది. దాదాపు పదకొండు నెలలు గుడిసెల్లో గడిపిన జనం ఒక్కొక్కరే వెనక్కి మళ్లారు. తాళాలు తీశారు. మునిసిపాలిటీ అక్కడే ఉంది. మళ్లీ ఉగాది ఇంకా రాలేదు.

దీన్ని ఓటమి అనాలా? అడిగింది దక్కలేదు కాబట్టి అనాల్సిందే. వీరగాథగా చెప్పుకునేవాళ్లు ఈ ముక్క దగ్గర గొంతు తగ్గిస్తారు. తగ్గించాల్సిన పని లేదు. నాయకుడు జైల్లో, చేతిలో డబ్బు లేదు, బయట ఆసరా లేదు. అయినా దెబ్బలాటలు, తగలబెట్టడాలు లేకుండా అన్ని వేలమంది అన్ని నెలలు కలిసి బతికారు. గోపాలకృష్ణయ్య మాత్రం అప్పులతో, జబ్బుతో చితికిపోయారు. 1928లో క్షయతో పోయేనాటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ రోజుల పత్రికలు చూడాలనుకునేవాళ్లు చీరాల పక్కనే వేటపాలెం వెళ్లాలి. అక్కడి సారస్వత నికేతనం 1918 నాటి గ్రంథాలయం. ఇప్పటి భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. పాత తెలుగు పత్రికల సంచికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తుంటారు. చరిత్ర మీద ఆసక్తి లేనివాళ్లు ఆటో ఎక్కి వాడరేవు పోతారు. సముద్రం, లైట్‌హౌస్, వేయించిన చేపలు. ఆదివారమైతే హైదరాబాద్ నంబరు కార్లు.

చీరాల మునిసిపాలిటీ ఇప్పుడు పెద్దదే. 2011 జనగణన నాటికి పట్టణ జనాభా ఎనభై ఏడు వేలు దాటింది. ఊరంతా ఖాళీ అయిన సంవత్సరానికి సరిగ్గా నూరేళ్లకు, 2021 మార్చిలో, రాష్ట్రంలోని ఇతర పట్టణాలతోపాటు ఇక్కడా కౌన్సిల్ ఎన్నికలు జరిగాయి. జనం వరసల్లో నిలబడి వార్డు సభ్యులను ఎన్నుకున్నారు. తమాషా ఏమిటంటే ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్ను అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు మారింది. 2020 చివర్లో చట్టం సవరించారు. పెంపు ఒక ఏడాదిలో పదిహేను శాతం మించకూడదని పరిమితి పెట్టారు. పదింతలు పెరిగిన చోట పదిహేను శాతం మీద చర్చ జరిగింది. ధర్నాలు జరిగాయి, ప్రకటనలు వచ్చాయి. ఎవరూ తాళం వేసి వెళ్లలేదు.

వెళ్లినా రామనగర్ ఎక్కడ వేస్తారు? హద్దు బయటికి ఊరు ఎప్పుడో పాకిపోయింది. ఈ పక్క జాండ్రపేట, ఆ పక్క ఈపూరుపాలెం, నడుమ 216వ నంబరు జాతీయ రహదారి. ఖాళీ ఇసుక దిబ్బలు ఉన్నచోటల్లా ప్లాట్ల రాళ్లు.

చుట్టుపక్కల నేత వీధుల్లో మగ్గం చప్పుడు ఇంకా ఆగలేదు. పవర్‌లూమ్ దెబ్బ తిన్నా కుప్పడం పట్టు చీర నేసేవాళ్లు ఇంకా ఉన్నారు. తుపాను పట్టినప్పుడు ఇప్పటికీ మగ్గం గుంటల్లో నీళ్లు ఊరతాయి. వారం పది రోజులు నేత పడకేస్తుంది. తడిసిన పడుగుకు పరిహారం కావాలని, వీధిలో నీళ్లు పోయే కాలవ కట్టాలని నేతగాళ్లు అర్జీలు పెడతారు. ఇసుక నేలలో నీరు నిలవదన్న పాత భరోసా, ఖాళీ జాగా అంతా సిమెంట్ అయ్యాక, ఎప్పుడో పోయింది.