అమ్మ మెడ తిరగదు

మా అమ్మ మెడ తిరగదు. పక్కన కూర్చున్న మనిషి మొహం చూడాలంటే ముందు పాదాలు జరపాలి, తర్వాత నడుము, ఆ తర్వాత ఒళ్లంతా తిప్పుకోవాలి. తల పైకెత్తలేదు, కిందికి దించలేదు. చేతిలోంచి చెంచా జారితే ఎవరో ఒకరు వచ్చి తీసివ్వాల్సిందే. మోకాళ్లు సగమే ముడుచుకుంటాయి. నిటారుగా నిలబడి ఉంటే చూసినవాళ్లు ఏ రోగమూ లేదనుకుంటారు.

అమ్మ పుట్టింది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో. మర్రిగూడ అంటే జనానికి గుర్తొచ్చేది అంశాల స్వామి. ఫ్లోరోసిస్‌తో వంకరలు పోయిన ఒంటితోనే ఊరూరూ తిరిగి, మంచినీళ్ల కోసం ఏళ్ల తరబడి కొట్లాడిన మనిషి. 2023 జనవరిలో చనిపోయారు. పేపర్లలో, టీవీల్లో ఫ్లోరైడ్ అనగానే కాళ్లూ చేతులూ మెలిపడ్డ అలాంటివాళ్ల ఫొటోలే వస్తాయి, రావాలి కూడా. కానీ మా అమ్మలాంటి వాళ్లు, లోపల వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి కర్రలా మిగిలినవాళ్లు, ఏ ఫొటోకూ దొరకరు. వాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ ఊళ్లల్లో ఇల్లిల్లూ తిరిగితే తెలుస్తుంది.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరావంటారు. మా దిక్కు నేల కింద ఉన్నది గ్రానైటు రాయి, ఆ రాయిలోంచే ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. తాగిన నీళ్లలోది ముందు పళ్లకు గార పట్టిస్తుంది. తర్వాత ఎముకల్లో చేరుతుంది, కీళ్లను పట్టి ఉంచే బంధనాలను సున్నంలా గట్టిపరుస్తుంది. పెళ్లయి నిడమనూరు వచ్చేనాటికే అమ్మ ఎముకల్లో చేరాల్సింది చేరిపోయింది. ఇక్కడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఉంది, కాలువ కింద వరి ఉంది, కనుచూపు మేర నీళ్లున్నాయి. ఆ నీళ్లు అమ్మ ఒంటికి ఆలస్యంగా వచ్చాయి. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. 2015లో తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్ కూడా అప్పటి మా ఉమ్మడి జిల్లాలోనే, చౌటుప్పల్‌లో లేచింది. ఇప్పటి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయని సంతోషమే. గట్టిపడ్డ వెన్ను మాత్రం ఏ నీళ్లు తాగినా మెత్తబడదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేండ్ల కింద సంక్రాంతి సెలవుల్లో అమ్మను విశాఖపట్నం తీసుకెళ్లాను. తమ్ముడు గాజువాకలో ఉంటాడు. అమ్మ సముద్రం చూడలేదు. “చిన్నోని దగ్గరికి పోయి ఒక్కపారి సముద్రం చూసొస్త” అని ఏడాదిగా అంటూనే ఉంది. చుట్టుపక్కలవాళ్లు వద్దన్నారు. ఇలాంటి మనిషిని కదిలించకుండా మంచంలో ఉంచడమే ప్రేమ అని మా ఊళ్లల్లో ఒక నమ్మకం పడిపోయింది. నేను ఆ మాట ఒప్పుకోను. రోగం వచ్చింది ఎముకలకు, చూడాలన్న కోరికకు కాదు.

మిర్యాలగూడలో సాయంత్రం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. కింది బెర్తు దొరికింది. ప్రయాణం బాగానే జరిగింది. గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోవడం అమ్మకు ఇంట్లో అలవాటే.

మొదటిరోజు బీచ్‌కు వెళ్లాం. ఇసుకలో అమ్మ నాలుగు అడుగులు కూడా వేయలేకపోయింది. పాదం దిగబడితే మనం చీలమండ వంచి సర్దుకుంటాం, ఆమెకు చీలమండ వంగదు. రోడ్డు పక్క గోడ దగ్గరే నిలబడింది. మనుషులు, బండ్లు, బుడగలమ్మేవాళ్లు, వాళ్ల వెనక ఎక్కడో నీళ్లు. అందుకే తమ్ముడు కైలాసగిరి మాట ఎత్తాడు. సముద్రం ఒడ్డునే కొండ, ఎత్తు సుమారు 170 మీటర్లు. పైదాకా రోడ్డు ఉంది, రోప్‌వే కూడా ఉంది. రోప్‌వేలో వెళితే కూర్చున్న చోటి నుంచే సముద్రమంతా కనపడుతుందన్నాడు. అమ్మ వెంటనే “గండ్లనే పోదాం” అంది.

కింద స్టేషన్లో పెట్టె వచ్చి ముందర నిలబడ్డప్పుడు నాకు మొదటిసారి గుండె జారింది. తలుపు పొట్టిది. “తల వంచండమ్మా” అన్నాడు అక్కడి కుర్రాడు, అందరికీ చెప్పే మాటే. అమ్మ వంచలేదు. “వంగదు నాయనా” అంది. అతనికి అర్థం కాలేదు, మళ్లీ అదే మాట అన్నాడు. నేను విషయం చెప్పాను. పాపం మంచి పిల్లవాడు, చెయ్యెత్తి లోపలివాళ్లతో ఆపించాడు. వెనకున్న వరస మొత్తం మమ్మల్నే చూస్తోంది. అమ్మను వెనక్కి తిప్పి, పెట్టెకు వీపు పెట్టించి, తమ్ముడు లోపలి నుంచి చంకల కింద పట్టుకుంటే, నేను బయటి నుంచి రెండు కాళ్లూ ఎత్తాను. దూలాన్ని గుమ్మంలోంచి దాటించినట్టు దాటించాం. నుదురు తలుపు చట్రానికి రాసుకుంది. అమ్మ కిక్కురుమనలేదు.

కూర్చోబెట్టాక అందరం ఊపిరి పీల్చుకున్నాం. పెట్టె కదిలింది. కొంచెం పైకి లేవగానే నాకు సముద్రం కనిపించింది. ఒడ్డు, రోడ్డు మీద బండ్లు, తెల్లటి నురగ, దాని అవతల ఆకాశందాకా నీలం. “అమ్మా, చూడు!” అన్నాను.

అమ్మ ఎదురుగా ఉన్నది కొండ.

ఎక్కించే హడావిడిలో ఆమె కొండవైపు మొహం పెట్టి కూర్చుంది. సముద్రం మొత్తం ఆమె వీపు వెనక ఉంది. మనమైతే మెడ తిప్పి చూస్తాం, అది ఒక పని అని కూడా అనుకోం. అమ్మకు ఎదురుగా తమ్ముడి మొహం, అతని వెనక అద్దంలో ఎండిన గడ్డి, బండలు, పొదలు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరులో కొట్టినప్పుడు కొండ మీద చాలా చెట్లు కూలిపోయాయని, ఈ పొదలు తర్వాత లేచినవని తమ్ముడు ఏదో చెబుతున్నాడు. నేను ఆపుకోలేక సముద్రం ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టాను. ఓడ కనపడుతోందన్నాను. పడవలున్నాయన్నాను.

“నువ్వు చెప్పకు బిడ్డా” అంది అమ్మ. “నేను సూడాలె.”

అని, రెండు చేతులూ సీటు మీద ఆనించి నడుము లేపబోయింది. ఒళ్లంతా ఒక్కసారి తిప్పుకుందామని. నేను వద్దని చెప్పేలోపే ఆమె బరువు ఒక పక్కకు పడి పెట్టె ఊగింది. ఆ ఊపుకు ఆమె బిగుసుకుపోయింది. వీపు నుంచి తొడదాకా కండ పట్టేసింది. ముడుచుకోని కుడికాలు తన్నినట్టు ముందుకు చాచుకుని తమ్ముడి మోకాలికి తగిలింది. అమ్మ నోట్లోంచి వచ్చిన అరుపు నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు.

అప్పుడే తాడు ఆగింది.

రోప్‌వే పెట్టెలకు సొంత ఇంజను ఉండదు. స్టేషన్లో ఉన్న మోటారు తాడును తిప్పుతుంటే, దాన్ని పట్టుకుని పెట్టెలు వేలాడుతూ పోతాయి. తాడు ఆగితే దాని మీదున్నవన్నీ ఆగుతాయి. మమ్మల్ని ఎక్కించడానికి ఆపినప్పుడు పైన ఎవరెవరో ఇట్లాగే గాల్లో నిలిచి ఉంటారు. ఇప్పుడు మరెవరో ఎక్కుతున్నారో దిగుతున్నారో. అందులో ఎవరి తప్పూ లేదు. ఆ సంగతి తెలిసి కూడా ఆ క్షణంలో నాకు కాళ్లు వణికాయి. సముద్రపు గాలికి పెట్టె ముందుకూ వెనక్కూ ఊగుతోంది. ప్రతి ఊపుకూ అమ్మ వీపు ఒకసారి పట్టేస్తోంది.

నేను కింద మోకాళ్ల మీద కూర్చుని ఆ కాలు పట్టుకున్నాను. పిక్క రాయిలా ఉంది. రుద్దబోతే “ముట్టకు” అంది. అమ్మ ఛాతీ కూడా పూర్తిగా విచ్చుకోదు, పక్కటెముకలు బిగుసుకున్నాయి. మామూలప్పుడే చిన్నచిన్నగా శ్వాస తీస్తుంది. ఇప్పుడు అది ఇంకా చిన్నదైపోయి, ముక్కుపుటాలు మాత్రమే కదులుతున్నాయి. పై పెదవి మీద చెమట పట్టింది. తమ్ముడు అద్దం మీద అరచేత్తో కొట్టి కింద ఉన్నవాళ్లను కేకేశాడు. వాళ్లకు వినపడే దూరం కాదది.

“అరవకురా” అంది అమ్మ. “నీకు కాలు తాకిందా?”

తమ్ముడు ఏడ్చాడు. ముప్పై ఏళ్లు దాటిన మగవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, తల రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. కాలు వదిలితే ఏమవుతుందో అన్న భయం తప్ప ఇంకేమీ లేదు. ఎంతసేపు ఆగామో చెప్పలేను. బయట చూసినవాళ్లకు అది లెక్కలోకి వచ్చేంత సేపు కూడా కాకపోవచ్చు. మళ్లీ కదిలినప్పుడు వచ్చిన కుదుపుకు అమ్మ కళ్లు మూసుకుంది. పైకి చేరేదాకా తెరవలేదు.

పైన మనుషులు వచ్చారు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. కుర్చీతో సహా నలుగురు మోసి బయట పెట్టారు. వాళ్ల పేర్లు అడగాలని కూడా తోచలేదు.

చాలాసేపు ఒక చెట్టు కింద ఉన్నాం. పట్టు కొద్దికొద్దిగా వదిలింది. తర్వాత అమ్మ లేచి శివపార్వతుల విగ్రహం దగ్గరికి పోదామంది. తెల్లగా, దూరం నుంచే కనపడే పెద్ద విగ్రహాలు. దగ్గరికి పోయాక తెలిసింది, ఆమెకు మోకాళ్లు మాత్రమే కనపడుతున్నాయని. తల ఎత్తలేదు కదా. అందరూ దగ్గరికి వచ్చి ఫొటోలు దిగుతుంటే మేము అమ్మ చేయి పట్టుకుని ఒక్కొక్క అడుగే వెనక్కి నడిపించాం. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ. దేవుని మొహం ఆమె చూపుకు అందే చోటు వచ్చేసరికి మధ్యలో మనుషులే మనుషులు. అయినా కనపడింది. అక్కడి నుంచే దండం పెట్టుకుంది. చేతులు జోడిస్తే గుండెదాకా రావు, కడుపు దగ్గరే ఆగుతాయి.

సముద్రం కనపడే రెయిలింగు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరైనా తోస్తే పడిపోతుందని నేను పోనీయలేదు. దిగేటప్పుడు తమ్ముడు ఆటో మాట్లాడుకొచ్చాడు. అమ్మ ఎక్కనంది.

“మళ్ల గండ్లనే పోదాం. ఈపారి నన్ను అటు మొకం పెట్టి కూసోబెట్టుండ్రి.”

నేను కోపంగా మాట్లాడాను. నీకేమన్నా అయితే ఊళ్లో ఏం చెప్పాలన్నాను. అమ్మ నా మాటకు జవాబివ్వలేదు, కుర్చీలోంచి లేవలేదు. చివరికి మేమే ఒప్పుకున్నాం. ఈసారి ఎక్కించే ముందే అక్కడున్న వాళ్లకు అన్నీ చెప్పాం. ఎటు కూర్చోవాలో ముందే చూసుకున్నాం. నా చున్నీ మడత పెట్టి నడుము వెనక పెట్టాను. కాలు చాచుకోవడానికి ఎదుటి సీటు ఖాళీగా ఉంచి, మేమిద్దరం చెరో పక్క ఇరుక్కుని కూర్చున్నాం.

పెట్టె కొండ అంచు దాటగానే సముద్రం మొత్తం ఆమె ముందు పరుచుకుంది. తిప్పాల్సిన పని లేదు, వంచాల్సిన పని లేదు, చూపు నిటారుగా పోయే చోటే ఉంది. నేను సముద్రాన్ని చూడలేదు, అమ్మనే చూశాను. నొప్పి పోలేదు, కింది పెదవి పళ్లతో పట్టుకునే ఉంది. కన్ను మాత్రం ఆర్పలేదు.

సగం దిగాక అడిగింది. “గిన్ని నీళ్లున్నయి, తాగనీకి పనికిరావు గదా?”

“ఉప్పు నీళ్లమ్మా.”

“ఉప్పు అయితే నోట్ల పెడితేనే తెలుస్తది, ఊంచేస్తరు. మా బాయి నీళ్లు మంచిగనే ఉండె. సల్లగ, తేటగ. బిందెల ముంచితే అడుగు కనపడేది.”

ఆ మాటకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆ బావి నీళ్లు తాగిన పిల్లకు అందులో ఏముందో చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదు. మర్నాడు నడుము కదపలేకపోయింది. అక్కడొక డాక్టరు నొప్పికి సూది వేశాడు, మందులు రాశాడు. తిరుగు ప్రయాణం వారం వాయిదా వేశాం. ఇంటికి వచ్చాక కూడా చాలా రోజులు మంచంలోనే ఉంది. ఒంటికి నీళ్లు పోసేటప్పుడు చూశాను, నుదుటి మీద తలుపు గీరుకున్న చోట పక్కు కట్టింది. వద్దని చెప్పినవాళ్లు వరసగా వచ్చి చూసిపోయారు. కొందరు నా మొహం మీదే అన్నారు, కన్నతల్లిని చంపుదామనుకున్నవా అని. అమ్మ వింటూనే ఉంది. “అది తీస్కపోలే, నేనే పోయిన” అని ఊరుకుంది.

సముద్రం గురించి అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పింది. పిల్లలకు ఓడల గురించి, ఆడవాళ్లకు శివపార్వతుల గురించి. ఆ మధ్యలో ఆగినదాని గురించి ఎవరికీ చెప్పలేదు. 2022 సెప్టెంబరులో మా మండలంలో ఎడమ కాలువకు గండి పడి పొలాల్లోకీ ఇళ్లల్లోకీ నీళ్లు వచ్చినప్పుడు ఊరంతా సముద్రంలాగుంది అని ఎవరో అంటే, “నువ్వు సముద్రం సూసినవా?” అని అడిగింది.

మొన్న మర్రిగూడ నుంచి చిన్నమ్మ వచ్చింది. అమ్మ చెల్లెలు, అదే బావి నీళ్లు తాగి పెరిగింది. ఆమె మోకాళ్లు అమ్మకంటే గట్టిపడ్డాయి, చేతికర్ర లేకుండా వాకిలి దాటదు. కొడుకు వైజాగు తీసుకపోతానంటున్నాడట, భయమవుతోందట. అమ్మ మంచం మీద ఒళ్లంతా చెల్లెలివైపు తిప్పుకుని కూర్చుని, ఎట్లా పోవాలో చెప్పసాగింది. నడుముకు దిండు తీస్కపో. మబ్బులనే లేసి పోండి, జనం ఉండరు. పెట్టె దగ్గర తొందర పడనీయకు, ఆపుమని అడుగు, ఆపుతరు, మంచోళ్లు. నడుమ ఆగుతది, అప్పుడు కదలకు, ఊపిరి చిన్నగ తీస్కో. ఎక్కేటప్పుడు కొండకు ఈపు పెట్టి కూసో, దిగేటప్పుడు కూడ గట్లనే.

చిన్నమ్మ ఆ చివరి మాట రెండుసార్లు చెప్పించుకుంది.