అక్క సంతోషం

భర్తకు తానే దగ్గరుండి రెండో పెళ్లి చేసిన ఆడవాళ్లు చెన్నూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వైద్యానికి నా దగ్గరికి వస్తుంటారు. పిల్లలు కాలేదన్నదే ఎక్కువగా వినిపించే కారణం. ఇంటికి తెచ్చేది తరచూ సొంత చెల్లెలినే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో 2.9 శాతం మంది తమ భర్తకు మరో భార్య ఉందన్నారు. దేశం మొత్తం మీద అది 1.4 శాతమే.

కొమురవెల్లిలో మల్లన్నతో పాటు ఆయన ఇద్దరు భార్యలు బలిజ మేడలమ్మకు, గొల్ల కేతమ్మకు మొక్కుతాం. ఊళ్లో సవతులంటే మాత్రం పోరే అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, పత్తి చేను చేసుకునే ఒకామె, సవతిగా తెచ్చుకున్న తన చెల్లెలి కాన్పుకు వచ్చేదాకా.

బాబు పుట్టాడు. అక్క కళ్లు మాత్రం భర్త మీదే ఉన్నాయి. "గాయన మొఖం సూస్తె నా కడుపు సల్లబడ్డది సార్. గట్ల నవ్వంగ సూసి ఎన్నేండ్లాయె!" అంది. బాధ లేదా అమ్మా అని అడిగాను. "రాత్రి గుబులైతది. లేదంటె అబద్ధమైతది. తెల్లారి వాళ్లు పిల్లగానితోటి ఆడుతుంటె మళ్ల నాకే నవ్వొస్తది."

అసూయ పోయాక వచ్చిన సంతోషం కాదది. రెండూ ఒకే గుండెలో ఉన్నాయి. ఎలా సాధ్యమైందో తర్వాత మాటల్లో తెలిసింది. పెళ్లి మాట ఎత్తింది ఆమే. అంతకుముందే కొంత భూమి తన పేరు మీద రాయించుకుంది. బీరువా తాళాలు ఇప్పటికీ ఆమె దగ్గరే. చెల్లె ఏ పనికైనా "అక్కా" అని ఆమెనే అడుగుతుంది. తన చోటు ఎక్కడికీ పోదన్న ధైర్యం ఉంది కాబట్టే ఆయన నవ్వు ఆమెకూ దక్కింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1971 నుంచి 1991 వరకు కలిసి బతికిన కెరిస్టా అనే సమూహం ఈ ఆనందానికి కంపర్షన్ అని పేరు పెట్టింది. అక్కడ ఒకరికంటే ఎక్కువ మందితో బంధం ఆడవాళ్లకూ ఉండేది. మన దగ్గర అది మగవాడికే. ఈ తేడా మరిచి ఆమెను పొగడటం నాకు చేతకాదు.

ఎందుకంటే, భర్త రెండో పెళ్లి చేసుకున్న ఇంకొకామెనూ చూశాను. తలనొప్పి, గుండెదడ, నిద్ర లేదు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. భర్త పక్కనుండగా "నాకు సంతోషమే సార్" అంది. అతన్ని బయటికి పంపి అడిగితే, "నన్నెవరడిగిండ్రు సార్?" అని ఏడ్చింది. ఇలాంటి సంతోషం పెద్దమనుషులు చెప్పించేది. ఒళ్లు దాన్ని ఒప్పుకోదు.

1955 హిందూ వివాహ చట్టం ప్రకారం మొదటి భార్య ఉండగా చేసుకున్న పెళ్లి చెల్లదు. భార్య ఒప్పుకున్నా అంతే. పుట్టిన పిల్లలకు చట్టబద్ధత ఉంటుంది గానీ, చెల్లెలికి భార్య హోదా రాదు. గోండులు, కోలాములు వంటి షెడ్యూల్డ్ తెగలకు ఆ చట్టం వర్తించదు, అక్కడ ఆచారమే నడుస్తుంది.

నన్ను అన్నిటికంటే కలచివేసేది మరొకటి. ఆ రెండో ఆమె ఇంట్లో పిల్లల కోసం మళ్లీ పెళ్లి చేశారే గానీ, భర్తకు వీర్య పరీక్షే చేయించలేదు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారిలోనూ లోపం ఉంటుంది. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. పిల్లలు కాలేదని కోడలి వైపు చూసే ప్రతి ఇంటినీ వేడుకుంటున్నాను: ముందు కొడుకును పరీక్షకు పంపండి.