తొమ్మిది కంటే పన్నెండు తక్కువ: ట్రాక్టర్ బేరం లెక్క



పోయిన దసరాకు ముందు మా బామ్మర్దికి కొత్త ట్రాక్టర్ కొనిపిచ్చినం. అప్పటినుంచి కనవడ్డోళ్లందరు ఒక్కటే అడుగుతున్నరు: "ఎంతకు పడ్డది? ఎంత తగ్గిచ్చిండ్రు?" ఒక్కొక్కరికి చెప్పుకుంట పోయేకన్నా ఇక్కడ రాస్తే, యాసంగి పంట అమ్మినంక బండి కొందామనుకునేటోళ్లకు పనికొస్తదని రాస్తున్న. కొంచెం పొడుగు ఉంటది, ఓపికతోని చదవండి.

సంతల ఎడ్ల జత కొనేటప్పుడు మనం ఎంత చూస్తం? పండ్లు చూస్తం, నడిపిచ్చి చూస్తం, కాడి కట్టి చూస్తం, సుడులు సుత చూస్తం. అదే ఏడు లక్షల ట్రాక్టర్ కాడికి వచ్చేసరికి "ఎంత తగ్గిస్తవ్" అని ఒక్క మాట అడుగుతం. ఆయన "ఇరవై వేలు తగ్గిస్త" అంటడు. మనం సంతోషంగ బయానా ఇచ్చేస్తం. ఆ ఇరవై వేలు ఏ లైన్ల తగ్గిచ్చిండో, ఏ లైన్ల మళ్ల కలుపుకున్నడో చూడం. నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క ముచ్చటనే. బేరం బండి రేటు మీద కాదు, చివరి కిస్తీ కట్టేనాటికి మన ఇంట్ల నుంచి పోయే మొత్తం మీద చెయ్యాలె.

మేం ఏం చేసినమంటే, మాది మహబూబాబాద్ దిక్కు. బామ్మర్ది ఊరు జనగామ దగ్గర. మా సడ్డకుడు భూపాలపల్లి దిక్కు ఉంటడు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు వేరైనయి గని అందరం పాత వరంగల్ జిల్లోళ్లమే కదా. ముగ్గురం ఒక్కటే రోజు, ఒక్కటే కంపెనీ, ఒక్కటే మోడల్‌కు ఎవరి టౌన్ల వాళ్లం షోరూంకు పోయి కొటేషన్ రాయించుకున్నం. నోటి మాట కాదు, స్టాంపు వేసిన కాగితం. సాయంత్రం వాట్సాప్‌ల ఆ మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకొని చూసినం. పైన షోరూం ధర దగ్గర ఫరక్ నాలుగైదు వేలే. కింద మొత్తం దగ్గర ఫరక్ నలభై వేల దాకా ఉన్నది.

పైకీ కిందికీ నడుమ ఏమున్నయి? ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, హ్యాండ్లింగ్ ఛార్జీలు, డాక్యుమెంట్ ఛార్జీలు, బంపర్, టాప్, హుక్కు. అసలు బేరం అక్కడ ఉన్నది.

ఇన్సూరెన్స్ సంగతి చూడండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం ఉండాల్సిందే. కానీ షోరూం వాళ్ల దగ్గరనే చేయించుకోవాలని ఏ చట్టంల లేదు. బయట ఏజెంటును అడిగి రేటు తెచ్చుకోవచ్చు. అయితే ప్రీమియం ఒక్కటే చూడకండి, ఐడీవీ ఎంత రాసిండ్రో చూడండి. బండి దొంగలు పట్టుకపోతే కంపెనీ ఇచ్చేది ఆ ఐడీవీ లెక్కనే. ఐడీవీ తగ్గిచ్చి రాస్తే ప్రీమియం తక్కువ కనిపిస్తది, తర్వాత నష్టం మనకే. మేం బయట నుంచి అదే ఐడీవీకి కొటేషన్ తెచ్చి టేబుల్ మీద పెడితే, షోరూం వాళ్లే ఏడు వేలు తగ్గిచ్చి రాసిండ్రు.

హ్యాండ్లింగ్ అంటే ఏందని అడిగినం. "బండి కంపెనీ నుంచి షోరూం దాకా వచ్చిన ఖర్చు" అన్నడు సేల్స్ పిలగాడు. "మరి షోరూం ధర అంటే షోరూంల నిలవెట్టిన ధరనే కదా తమ్మీ" అన్నం. లోపలికి పోయి ఓనర్‌ను అడిగి వచ్చిండు, ఆ లైను కొట్టేసిండు. గొడవ లేదు, గట్టిగ మాట్లాడింది లేదు. అడిగినం, పోయింది.

ఇగ జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. టైర్లు, స్పేర్ పార్టుల మీద 18 నుంచి 5కు వచ్చింది. రోటవేటర్ లాంటి పనిముట్ల మీద సుత 12 నుంచి 5. లెక్క కోసం చెప్తున్న, పన్ను లేకుంట 6,25,000 ఉన్న బండికి పాత లెక్కన 75,000 పన్ను పడి 7,00,000 అయ్యేది. ఇప్పుడు పన్ను 31,250. అంటే 6,56,250 కావాలె. 43,750 తగ్గుడు సర్కారు తగ్గిచ్చింది, డీలర్ తగ్గిచ్చింది కాదు. మేం పోయిన ఒకకాడ "దసరా ఆఫర్, నలభై వేలు తగ్గింపు" అని బ్యానర్ కట్టిండ్రు. కాగితం చూస్తే ఆ నలభై వేలు జీఎస్టీ తగ్గిందే. షోరూం తరఫున ఒక్క రూపాయి లేదు. అందుకే బిల్లుల అసలు ధర వేరే, జీఎస్టీ వేరే రాసియ్యమని అడగండి. పన్ను లేని ధర మీదనే మూడు షోరూంలను పోల్చండి.

ఎంత హెచ్‌పీ బండి కావాలన్నది షోరూంకు పోకముందే ఇంట్ల తేల్చుకోండి. షోరూంల కూసున్నంక పెద్ద బండి దిక్కే మనసు గుంజుతది, వాళ్లు గుంజేటట్లే మాట్లాడుతరు. చెల్క దున్నేటోడి అవసరం వేరు, నల్లరేగడి దున్నేటోడి అవసరం వేరు, కేజీ వీల్స్ వేసి బురద పొలం దున్నేటోడి అవసరం వేరు. రోటవేటర్ తిప్పేది ఇంజిన్ హెచ్‌పీ కాదు, పీటీఓ హెచ్‌పీ. అది ఎప్పుడూ తక్కువనే ఉంటది, విడిగ అడగండి. ఇంకొకటి, 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి పొగ నిబంధనలు గట్టి చేసిండ్రు. ఇంజిన్ల కొత్త సామాను వచ్చింది, ధర పెరిగింది. నిజంగ అవసరం ఉంటేనే ఆ గీత దాటండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న. మిత్తి.

ఫైనాన్స్ పిలగాడు షోరూంలనే కుర్చీ వేసుకొని కూసుంటడు. "మా దగ్గర తొమ్మిది శాతమే బాపూ, బ్యాంకుల పన్నెండు పడతది, పైగా పది సార్లు తిప్పుతరు" అన్నడు. ఎవరికైనా తొమ్మిదే తక్కువ అనిపిస్తది. మా బామ్మర్ది సంతకానికి పెన్ను తీసిండు. ఆగు అన్న. తొమ్మిది ఫ్లాటా, రెడ్యూసింగా అని అడిగిన. ఫ్లాట్ అన్నడు.

ఇద్దరం కాగితం మీద లెక్క కట్టినం. మీరూ కట్టండి.

5 లక్షల అప్పు, 5 ఏండ్లు, ఆరు నెలలకు ఒక కిస్తీ, మొత్తం 10 కిస్తీలు. ఫ్లాట్ 9 శాతం అంటే ఏటా 45,000 మిత్తి. ఐదేండ్లకు 2,25,000. మొత్తం కట్టేది 7,25,000. కిస్తీకి 72,500.

అదే రెడ్యూసింగ్ 12 శాతం అయితే, ప్రతి కిస్తీకి అసలు తగ్గుకుంట వస్తది, మిగిలిన అసలు మీదనే మిత్తి. కిస్తీకి సుమారు 67,934. మొత్తం 6,79,340. మిత్తి 1,79,340.

చూసిండ్రా? తొమ్మిది శాతం అప్పుకు పన్నెండు శాతం అప్పు కన్నా 45 వేలకు పైన ఎక్కువ కడుతున్నం. ఫ్లాట్‌ల మనం సగం అసలు కట్టేసినంక సుత, మొదటి రోజు తీసుకున్న 5 లక్షల మీదనే మిత్తి నడుస్తనే ఉంటది. ఆ ఫ్లాట్ 9ని రెడ్యూసింగ్ లెక్కలకు మారిస్తే దగ్గరదగ్గర 15 శాతం అయితది. షోరూంల ఇరవై వేలు తగ్గిచ్చిండ్రని సంబురపడి, పక్క కుర్చీల నలభై ఐదు వేలు పోగొట్టుకునుడు అంటే ఇదే.

ఈ లెక్కలు రానోళ్లు సుత భయపడే పని లేదు. 2024 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు రూల్ ఉన్నది. బ్యాంకు గానీ ఫైనాన్స్ కంపెనీ గానీ ఇట్లాంటి అప్పు ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇయ్యాలె. అప్పు తీసుకునేటోనికి అర్థమయ్యే భాషల ఇయ్యాలె. అండ్ల ఏపీఆర్ అని ఒక అంకె ఉంటది. మిత్తి, ప్రాసెసింగ్ ఫీజు, అప్పుతోని కలిపి అంటగట్టే ఇన్సూరెన్స్, అన్నీ కలుపుకొని ఏడాదికి నిజంగ ఎంత శాతం పడుతున్నదో ఆ అంకె చెప్తది. ఫ్లాటు, రెడ్యూసింగు అనే మాటల గారడీ ఆ అంకె ముందు నడవది. ఆ కాగితంల లేని ఛార్జీ ఏదీ మన ఒప్పుకోలు లేకుంట తర్వాత వసూలు చెయ్యరాదు. తెలుగుల ఆ కాగితం ఇచ్చినంకనే సంతకం అనండి. మేం అడిగితే ఆ పిలగాడు ముందు నవ్విండు, తర్వాత ఫోన్ చేసిండు, మరునాడు తెచ్చిండు. చివరికి ఆ ఫైనాన్స్ వద్దనుకొని బ్యాంకుకే పోయినం. పది రోజులు తిరిగినం, నిజమే. ఆ పది రోజులకు పడ్డ కూలి ఎంతో పైన లెక్కల ఉన్నది.

కిస్తీ ఎంత అన్నదానికన్నా కిస్తీ ఎప్పుడు అన్నది ఇంకా పెద్ద బేరం. దీన్ని ఎవ్వరూ బేరమే అనుకోరు. కొన్నది సెప్టెంబర్‌ల కాబట్టి కిస్తీలు మార్చి, సెప్టెంబర్ అని రాసుకొచ్చిండ్రు. సెప్టెంబర్‌ల మన ఇండ్లల్ల రూపాయి ఉంటదా? యూరియా కోసం లైన్ల నిలవడే నెలలు, కూలీలకు ఇచ్చే నెలలు. వానాకాలం వడ్లు, పత్తి పైసలు చేతికొచ్చేసరికి డిసెంబర్. మిర్చి, యాసంగి వడ్ల పైసలు వచ్చేసరికి మే. అందుకే మే, డిసెంబర్ రాయమన్నం. మొదటి కిస్తీ రెండు నెలలు వెనక్కి పోతది, ఆ రెండు నెలల మిత్తి పడతది అన్నరు. ఎంత పడతదో రాయించుకొని ఒప్పుకున్నం.

నెల తిరగకముందే మొంథా తుఫాను వచ్చింది. అక్టోబర్ 29 వాన మీకు చెప్పాల్సిన పని లేదు. డోర్నకల్ స్టేషన్ల రైలు పట్టాల మీద నీళ్లు నిలిచినయి. కల్లాలల్ల వడ్లు మొలకలు వచ్చినయి, పత్తి చెట్టు మీదనే నల్లవడ్డది. మా ఎరుకల ఒకాయన మూడు నెలల కిస్తీకి సంతకం పెట్టి ఉండె. డిసెంబర్‌ల కిస్తీ కట్టనీకి రెండు రూపాయల మిత్తికి బయట తెచ్చి కట్టిండు. నూటికి నెలకు రెండు అంటే ఏడాదికి 24. బండి అప్పు తీర్చనీకి ఇంకో అప్పు. ఆయన బండి రేటు మా కన్నా ఎనిమిది వేలు తక్కువకే తెచ్చిండు. మా బామ్మర్దికి సుత పంట నష్టమే అయింది, గని మే దాకా గడువు ఉన్నది. యాసంగి నాటు పడ్డది, బండి కిరాయికి నడుస్తున్నది. ఆ గడువు విలువ ఏ కొటేషన్ల రాసి ఉండదు.

పాత ట్రాక్టర్ ఎక్స్చేంజ్‌ల ఇచ్చేటోళ్లు ఒకటి గట్టిగ గుర్తు పెట్టుకోండి. బండి అప్పజెప్పి పైసలు తీసుకుంటే మన పని అయిపోలేదు. ఆర్సీ పేరు మారేదాకా చట్టం దృష్టిల ఓనర్ మనమే. ఆర్సీల ఎవరి పేరు ఉంటే బాధ్యత వాళ్లదే అని 2018ల సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చేతులు మారిన బండి ఎక్కడో యాక్సిడెంట్ చేస్తే నోటీసు మన ఇంటికే వస్తది. ఫారం 29, 30 నింపి ట్రాన్స్‌ఫర్ చేయించే బాధ్యత డీలర్‌దే అని కాగితం తీసుకోండి. అట్లనే కొత్త బండి అప్పు తీరినంక ఎన్ఓసీ, ఫారం 35 తీసుకొని ఆర్సీ మీది హైపోథికేషన్ తీసేయించాలె. అప్పు తీరింది కదా అని ఊకుంటే, అమ్మేనాడు కొనేటోడు ఆ ఒక్క లైను చూపిచ్చి రేటు గుంజుతడు.

డీలర్లు అందరూ మోసగాళ్లని నేను అనను. వాళ్లకూ షాపు కిరాయి ఉన్నది, జీతాలు ఉన్నయి, కంపెనీ పెట్టిన టార్గెట్ ఉన్నది. ఆ టార్గెట్ ఉన్నది కాబట్టే నెలాఖరుల, మార్చి ఆఖరుల, డిసెంబర్ ఆఖరుల మాట మెత్తగ ఉంటది. డిసెంబర్‌ల కొంటే తయారైన నెల, సంవత్సరం మాత్రం చూసుకోండి. చివరికి ఓనర్ సేటు నవ్వుకుంట అన్నడు, "మీరిట్ల లైను లైను అడిగితే మేం వ్యాపారం ఎట్ల చెయ్యాలె?" "నష్టానికి అమ్మమని అంటలేం సేటు. ఏది దేనికో రాసియ్యమంటున్నం" అన్నం. చాయ్ తెప్పిచ్చిండు. బండి జనగామలనే తీసుకున్నం, ఎందుకంటే రేపు సర్వీసుకు పోవాల్సింది అక్కడికే. నాట్ల నడుమ బండి ఆగితే మెకానిక్ పొలం కాడికి రావాలె. భూపాలపల్లిల నాలుగు వేలు తగ్గుతదని అంత దూరం పోయి తెచ్చుకుంటే, ఆ నాలుగు వేలు ఒక్క రిపేరుకు పోతయి.

షోరూంకు పోయేటప్పుడు ఇయ్యి ఒక కాగితం మీద రాసుకొని జేబుల పెట్టుకోండి:

1. పన్ను లేకుంట ధర ఎంత, జీఎస్టీ ఎంత?
2. కింద ఉన్న ఒక్కొక్క ఛార్జీ దేనికి?
3. ఇన్సూరెన్స్ ఐడీవీ ఎంత?
4. ఏపీఆర్ ఎంత? తెలుగు కాగితం ఏది?
5. కిస్తీ ఏ నెలల?
6. పాత బండి ఆర్సీ ఎవరు, ఎన్ని రోజులల్ల మారుస్తరు?

ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి, ఎంత ఎరుకున్నోడు అడిగినా సరే. ఒక్కరే పోకండి, లెక్క వచ్చిన పిలగాన్ని, లేకుంటే చదువుకుంటున్న బిడ్డను ఎంట పెట్టుకొని పోండి. ఇంకా ఒక మాట, పోయిన మొదటి రోజే బయానా ఇయ్యకండి. షోరూం ఎటూ పోదు. మనం ఇంటికి వచ్చి, ఇంట్ల ఆడోళ్లతోని కూసొని, ఏ కిస్తీ ఏ పంట పైసలతోని కడతమో అనుకున్నంకనే బండి మీద చెయ్యి వెయ్యాలె.