నీటిలో ధ్వని, కొలిమిలో స్ఫటికము

పెద్ద కొడప్‌గల్ బడిలో నాయొద్ద చదువుకొని, ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుచున్న శిష్యుడొకడు పలుమారు పిలువగా, పిట్లము మీదుగా పోవు బస్సెక్కి హైదరాబాదు చేరి, ఆ భౌతికశాస్త్ర శాఖను చూచి వచ్చితిని.

మొదట తరగతి గదిలో వెనుక బల్లపై కూర్చుంటిని. స్ఫటికము ఒత్తిడికి ఎట్లు లొంగునో తెలుపు స్థితిస్థాపక స్థిరాంకములు, సౌష్ఠవము మిక్కిలి తక్కువైన స్ఫటికమునకు 21 కావలసియుండగా, షట్కోణ స్ఫటికమునకు 5, ఉప్పువంటి ఘనాకార స్ఫటికమునకు 3 మాత్రమే చాలునని, ఏ పరికరమును ముట్టకయే, ఆచార్యులు నల్లబల్లపై నిరూపించిరి. ఈ విద్యలో మనవారికి పేరు తెచ్చినవారు సూరి భగవంతముగారు. నిజాం కళాశాలలో పట్టము పొంది, కలకత్తాలో సి.వి. రామనుగారికడ పరిశోధించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున బోధించి, 1948లో టి. వెంకటరాయుడుగారితో కలిసి సౌష్ఠవమును లెక్కకట్టు సమూహ సిద్ధాంతమును భౌతికసమస్యలకు అన్వయించు గ్రంథమును వెలువరించిన ఆ మహనీయులే, 1952 మొదలు 1957 వరకు ఉస్మానియాకు వైస్‌ఛాన్సలరుగా ఉండిరి.

స్థిరాంకము లెన్ని యని తర్కము చెప్పును గాని, ఒక్కొక్కటి యెంత యని చెప్పజాలదు; అందులకు, ధ్వనివేగమును కొలిచి స్థిరాంకమును రాబట్టు ప్రయోగశాలకు పోవలసినదే. అక్కడ నీరు నింపిన గాజుతొట్టిలో క్వార్ట్జ్ పలక విద్యుత్తుచే కంపించి, చెవికందని అతిధ్వని తరంగములను పంపుచుండగా, నీటిలో ఏర్పడిన సాంద్రవిరళ పొరల గుండా పోయిన సోడియం దీపపు కాంతి, నడిమి గీతకు ఇరువైపుల మరికొన్ని గీతలుగా విడివడెను. గీతల యెడమునుబట్టి లెక్కించి, మా వాడు ధ్వనివేగము సెకనుకు 1,490 మీటర్లని ఉత్సాహముతో చెప్పగా, ఆచార్యులు "నీటి ఉష్ణోగ్రత యెంత?" అని మాత్రమే అడిగిరి. గది వేడిమివద్ద ఒక్క డిగ్రీ హెచ్చిన ఆ వేగము సుమారు 3 మీటర్లు పెరుగును. కనుక ఉష్ణోగ్రత వ్రాయని అంకె అంకెయే కాదు.

పరిశోధకుల గదిలో ఫెర్రైటులను, అనగా ఇనుప ఆక్సైడు కలిపి చేయు అయస్కాంత పదార్థములను, చూచితిని. ఆక్సైడు పొడులను గంటల తరబడి నూరి, బిళ్ళలుగా నొత్తి, వెయ్యి డిగ్రీలు మించిన కొలిమిలో కాల్చి, ఎక్స్‌రే కిరణములతో పరీక్షింతురు. కోరిన ఘనాకార స్ఫటికనిర్మాణము కుదరనిచో మరల నూరుటయే. కుదిరిన బిళ్ళలో అసంఖ్యాకములైన సూక్ష్మస్ఫటికములు తలకొక దిక్కుగా నుండుటచే, మూడు స్థిరాంకములకు బదులు రెండే చాలును. నల్లబల్లమీది తర్కము కొలిమిదాక వచ్చినదని అప్పుడు తెలిసినది.

బాన్సువాడ, బిచ్కుంద డిగ్రీ కళాశాలలనుండి అక్కడికి పోగోరు పిల్లలు పెద్ద గణితమును అక్కడనే నేర్తురు గాక. కొలతప్రక్కన ఉష్ణోగ్రత వ్రాయు అలవాటును మాత్రము పదవ తరగతిలోనే మేము నేర్పవచ్చును, నేర్పవలెను.